మానని పుండునకు మరచిన మందు

మారేడ్‌పల్లిలో ఒక యింట చక్కెరవ్యాధి గల పెద్దవారున్నారనుకొందము. వారి అరికాలికి ముల్లు గ్రుచ్చుకొని పుండు పడినది. మాత్రలు మార్చిరి, సూదిమందులు మార్చిరి, చీము తగ్గలేదు. పరీక్షింపగా, అందలి బాక్టీరియా యాంటీబయాటిక్ మందులకు లొంగునది కాదని తేలినది. ఇక వైద్యుడు కాలు తీసివేయుటను గూర్చి మాటాడవలసి వచ్చును. ఇట్టి కష్టమున అక్కరకు రాగల ఒక పాత మార్గమును గూర్చి శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మారేడ్‌పల్లికి కొలది దూరముననే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచెను. అంతకు ఒక్క యేడు ముందు హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు గంగా యమునల నీటిలో కలరా క్రిములు నశించుచున్నవని ప్రకటించెను. నీటిని మరిగించినచో ఆ గుణము పోయెడిది. 1917లో పారిస్‌లోని పాస్చర్ సంస్థలో డెరెల్ అను నాతడు బాక్టీరియాను నశింపజేయు వైరసులకు బాక్టీరియోఫేజ్ అని పేరిడెను. హాంకిన్ చూచినది వీని పనియే కావచ్చునని తరువాతివారు తలచిరి.

ఫేజ్ తనకు తగిన బాక్టీరియాను అంటుకొని, తన జన్యుపదార్థమును లోనికి పంపును. అందు తనవంటివానిని పెక్కింటిని పుట్టించును. తుదకు దానిని పగులగొట్టుకొని వెలికి వచ్చును. మన శరీరకణముల జోలికి పోదు. అయితే ఒక జాతికి తగిన ఫేజ్ మరియొక జాతిని తాకదు. పెనిసిలిన్ వంటి మందులు వచ్చిన పిమ్మట పెక్కు దేశములు దీనిని మరచినవి. జార్జియా వంటి కొన్ని దేశములు విడువలేదు.

గంగ యొడ్డుననే, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున, ఆరు వారములకు పైగా మానని పుండ్లు గల 20 మందికి దినము విడిచి దినము ఫేజ్‌ల మిశ్రమమును పుండుపై పూసిరి. 21వ దినమునకు 7గురికి పుండు పూర్తిగా మానెనని 2019లో ప్రకటించిరి. అదే యేట వెలువడిన ఐరోపా పరీక్షలో, కాలిన గాయములపై ఫేజ్‌ల మోతాదు మిక్కిలి తగ్గిపోవుటచే, అవి వాడుకలోని లేపనముకన్న మందముగా పనిచేసినవి. కావున ఇది అంగడిలో అడిగి పూసికొనదగిన మందు కాదు.

ఉన్న మందులను కాపాడుకొనుట మన చేతిలోని పని. మిగిలిన మాత్రలను పొరుగువారికిచ్చుట, వైద్యుని చీటి లేకయే కొనుట మానవలెను. పుండు మొండికెత్తినచో చీము పరీక్ష చేయింపవలెను. అందలి క్రిమి యేదో తెలియనిదే మాత్రయు గురి తప్పును. ఫేజ్ కూడ గురి తప్పును.