పాత సైనిక శకటమునకు దీపములు



రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ జి.ఎం.సి. లారీలో విద్యుత్తు 6 వోల్టులది. 36 వాట్ల దీపమునకు అందు 6 ఆంపియర్లు కావలెను; 12 వోల్టులైనచో 3 చాలును. కావున దానికి సన్నని తీగ వేయరాదు, వేడెక్కి నిప్పంటుకొనును. మొదట బ్యాటరీ విడదీసి, తీగలకు చీటీలు కట్టి, ఒక్కొక్కటిగా మార్చవలెను. దీపము మందగించినచో చట్రమున ఎర్తు తగులుచోట తుప్పు గోకి చూడుడు.

శత్రువిమానములకు కనబడకుండ అమర్చిన మసక దీపములను, వాటి స్విచ్చిని తొలగింపరాదు. బ్రిటిష్ శకటములలో వెనుక ఇరుసు నడిమి గుండుకు తెల్లరంగు పూసి, దానిపై చిన్న దీపము పడునట్లు చేసెడివారు. వెనుక వచ్చు డ్రైవరుకు ఆ తెలుపే దారి చూపెడిది. ఇవి తీసివేసినచో ఆ చీకటిరాత్రుల ప్రయాణము మన పిల్లలకు తెలియదు.

పాండేసర మరమగ్గముల వద్ద మన తెలుగు నేతగాడు తెగిన పోగును వెదకి ముడివేయును గాని పడుగంతయు కోసివేయడు. పాత శకటమునెడలను ఆ ఓర్పే చూపుదము.