క్రీడారంగంలో యంత్రసాక్షి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



2024 జూన్ 11వ తేదీన ఖతార్ రాజధాని దోహాలో భారత ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ కప్ అర్హత పోటీలో ఖతార్‌ను ఎదుర్కొన్నది. సునీల్ ఛేత్రి వీడ్కోలు తీసుకున్న తరువాత జట్టు ఆడిన తొలి ఆట అది. గెలిస్తే తరువాతి అంచెకు దారి తెరుచుకుంటుంది. 37వ నిమిషంలో ఛాంగ్టే గోల్ కొట్టాడు. 73వ నిమిషం వరకు ఆ ఆధిక్యం నిలిచింది. అప్పుడు ఖతార్ ఆటగాడు తలతో కొట్టిన బంతిని గోల్‌కీపర్ గురుప్రీత్ అడ్డుకోగా, అది దొర్లి గోల్ స్తంభం పక్కగా గీత దాటి బయటికి పోయింది. మరొక ఖతార్ ఆటగాడు దానిని కాలితో లోపలికి లాగాడు. యూసెఫ్ ఐమెన్ గోల్‌లోకి తన్నాడు. భారత ఆటగాళ్లు బంతి బయటికి పోయిందనుకొని ఆగిపోయారు. రెఫరీ గోల్ అన్నాడు. 85వ నిమిషంలో మరొక గోల్ పడింది. 2-1 తేడాతో భారత్ ఓడి ప్రపంచ కప్ బాట నుండి తప్పుకున్నది. బంతి గీత దాటిన దృశ్యాన్ని ఇళ్లలో టెలివిజన్ ముందు కూర్చున్నవారందరూ చూశారు. చూడవలసిన రెఫరీకి మాత్రం ఆ అవకాశం లేదు. ఎందుకంటే ఆ అంచె పోటీలలో వీడియో సహాయక రెఫరీ, అనగా వి.ఎ.ఆర్., ఏర్పాటు చేయలేదు.

కెమెరా ఉండి ఉంటే ఈ అన్యాయం జరిగేది కాదన్న బాధ న్యాయమైనదే. అయితే అదే సంవత్సరం జూలైలో, కెమెరా ఉన్న నార్వేలో మరొక వింత జరిగింది. రోసెన్‌బోర్గ్ జట్టు అభిమానులు వి.ఎ.ఆర్. వద్దని నిరసిస్తూ వేయించిన చేప వడలను మైదానంలోకి విసిరారు. వడలు ఏరివేయించి ఆట సాగించబోగా మళ్లీ విసిరారు. చివరకు ఆ పోటీనే నిలిపివేయవలసి వచ్చింది. ఒకచోట లేదన్న దుఃఖం, మరొకచోట ఉన్నదన్న కోపం. రెండూ నిజమే ఎట్లా అవుతాయన్నది విచారించదగిన విషయం.

సాక్షి వేరు, తీర్పరి వేరు. మర్యాద రామన్న కథలు విన్న పిల్లలకు ఈ భేదం విడమర్చి చెప్పనక్కరలేదు. సాక్షి తాను చూసినది చెబుతాడు. దాని అర్థమేమిటో తేల్చవలసినవాడు తీర్పరి. కెమెరా గొప్ప సాక్షి. అలసట లేదు, భయం లేదు, లక్షమంది కేకలకు బెదరదు. ఐతే క్రీడాధికారులు ఈ సాక్షిని క్రమంగా తీర్పరి పీఠం మీద కూర్చోబెట్టారు. చిక్కంతా అక్కడ పుట్టింది.

యంత్రం రాకముందు స్థితి ఎట్లుండెనో రెండు ఉదాహరణలు చాలు. 1966 జూలై 30న లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్ తుది పోరు. అదనపు సమయంలో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పై కమ్మీకి తగిలి నిట్టనిలువుగా కిందపడి బయటికి ఎగిరింది. గీత దాటిందా లేదా? స్విట్జర్లాండ్ రెఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్స్ట్‌కు తెలియలేదు. సోవియట్ లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ వద్దకు పరుగెత్తి అడిగాడు. ఆయన గోల్ అన్నాడు. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. ఆ బంతి పూర్తిగా గీత దాటిందా అన్న వివాదం నేటికీ తెగలేదు. ఆ లైన్స్‌మన్ పేరిట ఆయన స్వస్థలం బాకూలో క్రీడాప్రాంగణమే ఉన్నది. అక్కడ ఆయన విగ్రహం ఆవిష్కరించిన రోజున హర్స్ట్ స్వయంగా వెళ్లాడు.

రెండవది అందరికీ తెలిసినదే. 1986 జూన్ 22న మెక్సికో నగరంలో ఇంగ్లండ్‌పై మారడోనా చేతితో బంతిని గోల్‌లోకి నెట్టాడు. ట్యునీషియా రెఫరీ అలీ బెన్నాసర్‌కు చేయి కనబడలేదు. బల్గేరియా లైన్స్‌మన్ వైపు చూశాడు. అక్కడినుంచి అభ్యంతరం రాలేదు. గోల్ నిలిచింది. 2015లో మారడోనా ట్యునీషియా వెళ్లి ఆ రెఫరీని కలిసి తన సంతకం చేసిన చొక్కా బహూకరించాడు. మోసపోయినవాడు, మోసగించినవాడు స్నేహితులైపోయారు. ఇంగ్లండ్ ప్రజలు మాత్రం ఆ సంగతి మరువలేదు.

సాక్షి కొరకు మొదట గట్టిగా తలుపు తెరిచిన ప్రముఖ క్రీడలలో క్రికెట్ ఒకటి. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో, రెండవ రోజున, పరుగు తీయబోయి వెనుదిరిగిన సచిన్ తెండూల్కర్ క్రీజు చేరకముందే దక్షిణాఫ్రికా ఆటగాళ్లు బెయిల్స్ ఎగురగొట్టారు. అంపైర్ సిరిల్ మిచ్లీ గాలిలో చేతులతో టెలివిజన్ పెట్టె ఆకారం గీశాడు. లోపల కూర్చున్న కార్ల్ లీబెన్‌బర్గ్ దృశ్యాన్ని మళ్లీ చూసి ఔట్ అన్నాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో మూడవ అంపైర్ తీర్పుతో ఔటైన మొదటి ఆటగాడు తెండూల్కరే. ఆ తీర్పును ఎవరూ తప్పుపట్టలేదు. గీతకు ఇవతలా అవతలా అన్నది ఒక్క చూపుతో తేలే విషయం.

టెన్నిస్ కథా గీత కథే. 2004 అమెరికన్ ఓపెన్‌లో సెరెనా విలియమ్స్‌కు వ్యతిరేకంగా వరుసగా తప్పుడు నిర్ణయాలు వెలువడినవి. 2006 నాటికి ఆ పోటీలోనే హాక్-ఐ యంత్రం వచ్చింది. ఫుట్‌బాల్ పెద్దలు మాత్రం చాలాకాలం చెవిన పెట్టలేదు. 2010లో దక్షిణాఫ్రికాలో జర్మనీపై లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడి బయటికి వచ్చినా గోల్ ఇవ్వకపోవడంతో వారి పట్టు సడలింది. 2012లో గోల్‌గీత యంత్రానికి అనుమతి లభించింది. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్‌లో వాడారు. బంతి గీత దాటగానే రెఫరీ చేతి గడియారం మోగుతుంది. ఒక్క క్షణం. తగవు లేదు. ఇది సాక్షి చేయదగిన పని; చక్కగా చేస్తున్నది.

అట్లని యంత్రం తనంతట తాను నడుస్తుందనుకోరాదు. 2025లో వింబుల్డన్ గీతల వద్ద మనుషులను పూర్తిగా తొలగించి యంత్రానికే అప్పగించింది. ఆ సంవత్సరమే ఒక ఆటలో ఎవరో పొరపాటున ఆ యంత్రాన్ని కొంతసేపు ఆపివేశారు. బయటపడిన బంతిని ఎవరూ ప్రకటించలేదు. ఆ పాయింటు మళ్లీ ఆడించారు.

ఆఫ్‌సైడ్ విషయంలో ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. సామాన్యమైన కెమెరా క్షణానికి 50 బొమ్మలు తీస్తుందనుకుందాం. క్షణానికి 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఆటగాడు ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ మధ్య 16 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. బంతిని తన్నిన క్షణం ఏ బొమ్మలో ఉన్నదో సరిగ్గా తెలియనప్పుడు, బొటనవేలు ముందున్నదని గీత గీసి గోల్ రద్దు చేయడం ఖచ్చితత్వం కాదు, ఖచ్చితత్వపు వేషం. ఈ లోపాన్ని గుర్తించి 2022లో ఖతార్ ప్రపంచ కప్‌లో పైకప్పు కింద 12 కెమెరాలు అమర్చారు. ఒక్కొక్క ఆటగాడి దేహంలో 29 బిందువులను అవి గమనించేవి. బంతిలో అమర్చిన పరికరం క్షణానికి 500 మార్లు సంకేతం పంపేది. అదే పోటీలో స్పెయిన్‌పై జపాన్ కొట్టిన గోల్‌కు ముందు బంతి గీత దాటినట్లు చాలా చిత్రాలలో కనిపించింది. పైనుంచి చూస్తే గుండ్రని బంతి అంచు వెంట్రుకవాసి గీతపైనే ఉన్నది. జపాన్ గెలిచింది, జర్మనీ ఇంటిముఖం పట్టింది. నియమం ప్రకారం బంతి మొత్తం దాటాలి. కంటికి కనిపించినది తప్పు, యంత్రం చెప్పినది ఒప్పు.

ఇంతవరకు సాక్షి పరిధి. దీనికి ఆవల ఉన్నది అసలు రణరంగం.

2018 మార్చిలో ఫుట్‌బాల్ నియమావళిలో వి.ఎ.ఆర్. చేరింది. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం - ఈ నాలుగు విషయాలలోనే, అదీ స్పష్టమైన, ప్రత్యక్షమైన పొరపాటు జరిగితేనే జోక్యం చేసుకోవాలన్నది షరతు. మాట చక్కనిది. ఐతే ‘స్పష్టమైన’ అన్న మాటకు కొలబద్ద ఏది? చేతికి బంతి తగిలిందా అన్నది కెమెరా చెబుతుంది. ఆ చేయి అసహజంగా చాచి ఉన్నదా, తప్పించుకొనే వ్యవధి ఉన్నదా అన్నది మనిషి నిర్ణయించాలి. 2018 జూలై 15న మాస్కోలో ప్రపంచ కప్ తుది పోరులోనే ఈ పరీక్ష ఎదురైంది. క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలింది. అర్జెంటీనా రెఫరీ పిటానా తెర వద్దకు వెళ్లి చూశాడు, తిరిగి వస్తూ ఆగి మళ్లీ వెళ్లి చూశాడు, పెనాల్టీ ఇచ్చాడు. ఫ్రాన్స్ 4-2తో కప్పు గెలిచింది. దృశ్యం అందరికీ ఒక్కటే. అభిప్రాయాలు మాత్రం ఈనాటికీ రెండు.

దృశ్యాన్ని నిదానంగా తిప్పి చూడడంలోనూ ఒక మాయ ఉన్నది. ఏ పనినైనా నెమ్మదించి చూస్తే, చేసినవాడు ఆలోచించి కావాలనే చేసినట్లు తోస్తుందని 2016లో అమెరికా పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఫుట్‌బాల్ రెఫరీలపై బెల్జియంలో జరిగిన పరిశోధనలోనూ నిదాన దృశ్యం చూసినవారు మరింత కఠినమైన శిక్ష వేసినట్లు తేలింది. అందుచేత తాకిన చోటు తెలుసుకోవడానికే నిదాన దృశ్యం, తీవ్రత అంచనాకు మామూలు వేగం అని నియమం పెట్టారు. తెలివైన నియమమే. అర సెకనులో జరిగినదాన్ని పదిసార్లు నిదానంగా చూసిన కన్ను, మామూలు వేగంతో చూడగానే ఆ పదిసార్లనూ మరచిపోగలదా?

ఫలితాలలో మంచి లేకపోలేదు. 2014 ప్రపంచ కప్‌లో పెనాల్టీలు 13, వి.ఎ.ఆర్. వచ్చిన 2018లో 29. ఎర్రకార్డులు 10 నుండి 4కు తగ్గినవి. పెనాల్టీ ప్రాంతంలో చొక్కా పట్టుకొని లాగితే ఎవరో చూస్తున్నారన్న ఎరుక ఆటగాళ్లలో కలిగిందనుకోవడం అసంగతం కాదు.

పోయినది మాత్రం అంకెలకు లొంగదు. గోల్ పడిన క్షణాన ప్రేక్షకుడు గెంతులు వేయడం ఈ ఆటకు ప్రాణం. ఇప్పుడు గెంతబోయినవాడు ఆగి రెఫరీ చెవి వైపు చూస్తున్నాడు. రెఫరీ చెవిలో ఎవరో మాట్లాడుతున్నారు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. గోల్ నిలిచినా ఆ గెంతు మళ్లీ రాదు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని స్టేడియంలో కూర్చున్నవాడికే అక్కడ ఏమి పరిశీలిస్తున్నారో చివర తెలుస్తున్నది.

2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ సక్రమమైన గోల్ కొట్టాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. గదిలో ఉన్నవారు చిత్రం చూసి గోల్ సరైనదేనని గ్రహించారు. కాని మైదానంలో గోల్ ఇచ్చారనే భ్రమలో ‘పరిశీలన పూర్తి’ అని చెప్పివేశారు. ఆట మొదలైపోయాక పొరపాటు తెలిసింది. అప్పుడు ఆపడానికి నియమం ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. కెమెరా నిజమే చెప్పింది. విన్నవారు ఆ నిజాన్ని అందించలేకపోయారు. ఐనప్పటికీ, 2024 జూన్‌లో వి.ఎ.ఆర్. రద్దు చేయాలని వుల్వ్స్ క్లబ్బు తెచ్చిన ప్రతిపాదన ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 19-1 తేడాతో వీగిపోయింది. అలవాటు పడినవారు విడువలేరు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ 1986లో రీప్లే ప్రవేశపెట్టి, 1992లో తీసివేసి, 1999లో తిరిగి తెచ్చుకోలేదా!

ఈ విషయంలో క్రికెట్ కొంత వివేకం చూపింది. ఎల్.బి.డబ్ల్యు.లో బంతి తగలకపోతే ఎటు పోయేదన్నది జరిగిన సంగతి కాదు, ఊహ. అందుకే బంతిలో సగం కన్నా తక్కువ భాగమే వికెట్లను తాకుతుందని యంత్రం చూపితే మైదానంలోని అంపైర్ మాటే నిలుస్తుంది. దీనిని వెక్కిరించేవారున్నారు, కాని తన పరిమితిని ఒప్పుకొనే సాక్షి కన్నా నమ్మదగినవాడెవడు? బంతి గమనం చూపే ఈ యంత్రాన్ని శంకించే భారత బోర్డు 2016 రాజ్‌కోట్ టెస్టు వరకు దూరంగా ఉన్నది. అప్పీళ్లకు పరిమితి పెట్టడంలోనూ నీతి ఉన్నది. 2019లో హెడింగ్లీలో ఇంగ్లండ్ గెలుపుకు రెండు పరుగుల దూరంలో స్టోక్స్ ఎల్.బి.డబ్ల్యు. అప్పీలును అంపైర్ తోసిపుచ్చాడు. యంత్రం ప్రకారం అతడు ఔటే. కాని ఆస్ట్రేలియా తన ఆఖరి అప్పీలును అంతకు కొద్దిసేపటి ముందే వృథా చేసుకున్నది. ఇంగ్లండ్ ఒక వికెట్ తేడాతో గెలిచింది.

కెమెరాకు అసలే అందని తగవు బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగింది. 2023 మార్చి 3న ఇండియన్ సూపర్ లీగ్ పోటీలో 96వ నిమిషాన, కేరళ బ్లాస్టర్స్ గోడ కట్టుకోకముందే ఛేత్రి ఫ్రీకిక్‌ను గోల్‌లోకి కొట్టాడు. బంతి గోల్‌లో పడిందనడంలో ఎవరికీ సందేహం లేదు. రెఫరీ అట్లా కొట్టనివ్వవచ్చునా అన్నదే వాదం. కేరళ జట్టు మైదానం విడిచి వెళ్లిపోయింది. తరువాత ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. అది నియమానికి చెప్పుకొనే అర్థం గురించిన తగవు. వంద కెమెరాలున్నా తీరేది కాదు.

ఖర్చు భరించలేని దేశాల కొరకు ‘ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్’ అనే చౌక పద్ధతిని 2024లో కొలంబియాలో జరిగిన 20 ఏళ్లలోపు మహిళల ప్రపంచ కప్‌లో పరీక్షించారు. ఇందులో వేరే గది లేదు, వేరే తీర్పరి లేడు. ఉన్న కొద్ది కెమెరాలతో, శిక్షకుడు అడిగితే, రెఫరీయే తెర వద్దకు వెళ్లి చూసుకుంటాడు. ఆటకు రెండుసార్లు అడగవచ్చు. అడిగినది నెగ్గితే ఆ అవకాశం పోదు. సాక్షిని సాక్షిగానే ఉంచిన ఏర్పాటు ఇది. దోహాలో ఇది ఉన్నా చాలును.

పాఠశాలల మైదానాలకు ఇదికూడా రాదు, రానక్కరలేదు. చెడుగుడులో కూత తెగిందా లేదా అన్నది పక్కన నిలబడిన చెవి చెప్పవలసినదే. ఫుట్‌బాల్ నియమాలు మొత్తం పదిహేడు. వ్యాయామోపాధ్యాయులు వానిని తేలిక తెలుగులో ఒక వారంలో బోధించవచ్చు. పై తరగతుల పిల్లలలో ఇద్దరు ముగ్గురికి ఈల ఇచ్చి కింది తరగతుల ఆటలు నడిపించమంటే, వచ్చే ఏటి అంతర పాఠశాల పోటీల నాటికి బయటినుంచి రెఫరీని పిలిపించే అవసరం ఉండదు.