నర్సరీ పరిశోధనకు ధనసహాయము కోరుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో ప్రాచీన సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను అర్జీని గూర్చి చెప్పెదనంటిని. వారు నవ్వి, సరే యనిరి. మన గ్రంథాలయమునకు చందా కట్టువారిలో పెక్కుమంది మొక్కల పెంపకముతో బ్రదుకువారే. తమ తోటలలో పరిశోధన జరుగవలెనని, అందుకు ధనసహాయము కావలెనని వారొకమారు అర్జీ పెట్టుకొనిరి. అది తిరిగి వచ్చినది. దానిని వ్రాసినవాడను నేనే. కావున ఈ విషయమున మాటలాడుటకు నాకంటె అర్హుడు ఈ యూర లేడు.

మన తోటల చరిత్ర మీకు తెలియనిది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీరు ఈ ఒండ్రు నేలలకు వచ్చెను. తరువాతి తరములలో కడియము, కడియపులంక, వేమగిరి మొదలగు గ్రామములు పూలమొక్కలకును, అలంకార వృక్షములకును దేశమంతట పేరుపడినవి. లారీల కొలది మొక్కలు ఇతర రాష్ట్రములకు పోవుచున్నవి. కొమ్మ నాటుటలోను, అంటు కట్టుటలోను మనవారికి గల నేర్పు గొప్పది. అయితే ఆ నేర్పు చేతిలో నున్నదే గాని కాగితము మీదికి రాలేదు. మన చిక్కంతయు అక్కడనే యున్నది.

మొదటి అర్జీ కథ చెప్పెదను. సురపాలుని వృక్షాయుర్వేదము మన గ్రంథాలయమునకు వచ్చిన క్రొత్తలో నేను దానిని రెండు మారులు చదివితిని. అది సుమారు వేయేండ్లనాటి సంస్కృత గ్రంథము. ఆక్సుఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్న వ్రాతప్రతికి నకలు తెప్పించి, నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ ఆగ్రి హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో దానిని ప్రకటించిరి. మాంసము, ఎముకల మూలుగ మొదలగువానిని ఉడికించి, నువ్వుల పిండి, మినుములు, పాలు, తేనె, నెయ్యి వంటివి చేర్చి, పులియబెట్టి చేయు కుణపజలమను ద్రవమును గూర్చి అందు గలదు. చెట్లకది బలకరమని ఆయన మతము. అంతకు కొన్ని శతాబ్దముల ముందే వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకొక అధ్యాయము కేటాయించి, కొమ్మకు పేడ పూసి నాటు పద్ధతిని చెప్పెను. ఆ పని మన పెద్దలు చేయగా నేను కన్నులార చూచితిని. ఇక నా ఉత్సాహమునకు మేర లేకపోయెను.

పదునొకండు పుటల అర్జీ వ్రాసితిని. అందు ఎనిమిది పుటలు ప్రాచీనుల ప్రశస్తి. రైతులందరు సంతకములు చేసిరి. ఒక సంస్థకు పంపితిమి. కొన్ని నెలలకు రెండు పంక్తుల జాబు వచ్చెను: మీరు దేనిని తెలిసికొనదలచితిరో స్పష్టముగా లేదు, ఖర్చుల పట్టికకు ఆధారములు చూపలేదు. ఆ రాత్రి నాకు మిక్కిలి కోపము వచ్చినది. మరునాడు నా నకలును తీసి, పరుల వ్రాతవలె చదివితిని. కోపము పోయినది. కుణపజలము మేలు చేయును, దానిని నిరూపించుటకు ధనమిప్పింపుడని నేను వ్రాసియుంటిని. తీర్పు ముందుగా వ్రాసి, విచారణకు ఖర్చులడిగినట్లయినది. చేసిన మేలును దేనితో పోల్చి చూతుమో వ్రాయలేదు. ఎన్ని మొక్కలకు పోయుదుమో, ఎన్నింటికి వట్టి నీరు పోయుదుమో వ్రాయలేదు. ఖర్చులలోనెల్ల పెద్ద పద్దు ‘ఇతరములు’. లెక్కలు వ్రాసి జీవించువాడనై యుండి ఆ పద్దు వ్రాసినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

ఆ సిగ్గుతోనే మన తోటల లెక్కపుస్తకములు ముందు వేసికొని కూర్చుంటిని. ఉదాహరణకు ఒక తోటవారు ఏడాదిలో పదివేల సంచులు నింపిరనుకొనుడు. అమ్మినవి ఆరువేలు, తోటలో మిగిలినవి రెండువేలు. మిగిలిన రెండువేలు ఏమైనవి? సంచుల ఖర్చు పుస్తకములో నున్నది, ఎఱ్ఱమట్టి ఖర్చున్నది, కూలి ఉన్నది. చచ్చిన మొక్క మాత్రము ఏ పుస్తకమునను లేదు. అడిగితిని. వానలకు పోయినవి, ఎండకు పోయినవి యనిరి. ఏ వానకు? ఏ మడిలో? నాటిన ఎన్నవ నాడు? వేరు కుళ్లెనా, మొదలు కుళ్లెనా? ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఇది చిన్న సంగతి కాదు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కొబ్బరిచెట్లపై కనబడిన సర్పిలాకార తెల్లదోమ అనతికాలములోనే మన గోదావరి సీమకును వచ్చెను. ఆకు అడుగున చుట్లు చుట్లుగా గ్రుడ్లు పెట్టును. దాని తేనెబంక క్రింది ఆకులపై పడి నల్లని బూజు పట్టును. కొబ్బరినే గాక అరటిని, జామను, అనేకములగు అలంకార మొక్కలను ఆశ్రయించును. ఎన్కార్షియా యను సూక్ష్మమైన పరాన్నజీవి దానిని అణచుననియు, విచ్చలవిడిగ మందులు కొట్టినచో ఆ మేలుచేయు పురుగే ముందు చచ్చుననియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. కోనసీమలో అంబాజీపేట పరిశోధనా స్థానమువారు జీవనియంత్రణమున కృషి చేసిరి. అది వారి కృషి. మన వంతేమి? ఈ పురుగు మీ తోటకు ఏ నెలలో, ఏ ఊరి మొక్కతో వచ్చినదని అడిగిన పెద్దమనిషికి చూపుటకు మనలో ఒక్కరియొద్దను చీటీముక్క లేకపోయెను.

ఇతర దేశములలో నర్సరీవారు ఏమి చేయుచున్నారో కొంత చదివితిని. అమెరికాలో నర్సరీ వర్తకులు తమ వృత్తికి సంబంధించిన పరిశోధనలకు ధనమిచ్చుటకై 1962లో తామే ఒక సంస్థను నెలకొల్పుకొనిరి. ఆస్ట్రేలియావారి ఏర్పాటు నాకు మరింత నచ్చినది. అక్కడ మొక్క మీద గాక, మొక్కను పెంచు కుండీ ధర మీద నూటికి 5 వంతున సుంకము వసూలు చేయుదురు. అందు పరిశోధనకు పోవు భాగమునకు ప్రభుత్వము తన ధనమును జతచేయును. మొక్కలను లెక్కించుట కష్టము. కుండీలను అమ్మువారు కొద్దిమంది గనుక వసూలు సులభము. లెక్కల మర్మమెరిగినవారెవరో ఆలోచించిన పద్ధతి యిది. మనకట్టి సుంకము లేదు. పెట్టుమని నేను చెప్పుట లేదు, నన్ను ఇంటికి పోనీయరు.

మనకు దారులు లేకపోలేదు. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము వెంకటరామన్నగూడెమున నున్నది. పుణేలోని పుష్పకృషి పరిశోధన సంస్థవారి ప్రాంతీయ కేంద్రము మన వేమగిరిలోనే యున్నది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 1,765.67 కోట్ల రూపాయలతో, తొమ్మిది కేంద్రములతో, తెగుళ్లులేని మొక్కల కార్యక్రమమునకు ఆమోదమిచ్చెను. అది పండ్లమొక్కలకు ఉద్దేశింపబడినది గనుక మన పూలమొక్కలకు నేరుగా అక్కరకు రాదు. ఆ పేరు విని ఆశపడినవారికీ మాట స్పష్టముగా చెప్పుచున్నాను. ఏ దారిని పోయినను శాస్త్రజ్ఞుడొకడు తోడుండవలెను. ప్రశ్న మనది, కొలత ఆయనది. ఆయన పేరు చివర అలంకారముగా చేర్చుట గాక, అర్జీ మొదటి పంక్తి వ్రాయుటకు ముందే ఆయనయొద్దకు పోవలెను.

రెండవ అర్జీ చిత్తుప్రతి నాయొద్ద సిద్ధముగా నున్నది. ఈ మారు నాలుగు పుటలే. ప్రశ్న యొక్కటే: వానకాలమున సంచిమట్టిలో కడిగిన కొబ్బరిపొట్టు కలిపినచో వేరుకుళ్లుతో చచ్చు మొక్కలు తగ్గునా, తగ్గిన ఎంత, అందుకు సంచికి ఎంత ఖర్చగును? కడిగిన పొట్టని వ్రాయుటకు కారణము గలదు. కడుగని పొట్టులో ఉప్పు శేషించి లేతవేళ్లకు చెరుపు చేయును. ఒకే తల్లిచెట్టు కొమ్మలు, ఒకేనాడు నాటినవి. కొన్నిట మామూలు మట్టి, కొన్నిట పొట్టు పాలు తక్కువ, కొన్నిట ఎక్కువ. నాలుగవ వరుసకు మామూలు మట్టియే యుంచి కుణపజలము పోయుదము. సురపాలుని నేను విడువలేదు. ఆయనను సాక్షిగా నిలిపితిని, న్యాయాధిపతిగా కాదు. నీడవల అంచున ఎండ ఎక్కువ, నడుమ చెమ్మ ఎక్కువ గనుక ఏ వరుస ఎక్కడ నుండవలెనో చీట్లు వేసి నిర్ణయింపవలెను. లేనిచో మనకు ముద్దైన వరుసను మంచి చోట పెట్టుకొందుము. ఇది మనుష్య స్వభావము.

ఖర్చుల పట్టికలో సంచులు, మట్టి, పొట్టు, కూలిదినములు, మట్టిపరీక్షలు, ప్రతి పద్దునకు ధర, ఆ ధర ఎచట విచారించితిమో వ్రాసితిని. మోటారు మరమ్మతును, కంచెను ఇందులో చేర్పుమని ఇద్దరు మిత్రులు కోరిరి. చేర్పలేదు. ధనము వచ్చిన పిదప దానిని చెప్పిన పనికే వెచ్చించితిమని వినియోగ ధ్రువపత్రమీయవలెను. ఆనాడు కంచెను కొబ్బరిపొట్టని నేను వ్రాయజాలను.

ఇంతయు సిద్ధమై యుండగా పంపకపోవుటకు కారణమొక్కటే. ఇప్పుడు ఎన్ని చచ్చుచున్నవని అర్జీలో ఒక గడి యున్నది. అది ఖాళీగా నున్నది. చచ్చిన లెక్క చెప్పినచో తోట పేరు పోవునని, కొనువారు జంకుదురని మనవారి భయము. ఆ భయమును నేను తేలికగా తీసికొనను. పేరుమీదనే నడచు వర్తకమిది. అందుచేత కార్యవర్గమువారితో ఆలోచించి ఒక ఏర్పాటు చేసితిమి. గ్రంథాలయమున రెండవ బీరువాలో ఒక చిట్టా పుస్తకముంచితిమి. అందు తోటల పేర్లుండవు, సంఖ్యలే. ఏ సంఖ్య ఎవరిదో గ్రంథపాలకునికి మాత్రమే తెలియును. నాకును తెలియదు. తేది, మొక్కరకము, నాటినవి, చచ్చినవి, కనబడిన లక్షణము: ఐదు గడులు. వారమునకొకమారు, పత్రికలు చదువ వచ్చినప్పుడు నింపినచో చాలును. చదువురాని కూలివాడు నోటితో చెప్పినను గ్రంథపాలకుడు వ్రాసికొనును. నిజమునకు చచ్చిన మొక్కను పెరికి పారవేయువాడతడే గనుక అతని లెక్కయే సరియైనది.

నేటి ఉదయమునకు నాలుగు తోటలవారు వ్రాసిరి. వానలు దిగువరకు కనీసము ఇరువది తోటలు కావలెను. ఈ సాయంకాలము ఫలహారములైన పిదప కూడ గ్రంథాలయము తెరచియే యుండును.