నవ రాయపూరు యంత్రశాలలు: తీగల పరీక్ష



పార్వతీపురమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. కనుమలను దాటివచ్చు ఆ మార్గముననే పెక్కు తెలుగు కుటుంబములు ఈ నగరమునకు చేరి, కొలువులందును వర్తకములందును స్థిరపడినవి. పట్టాలు పరచినంతమాత్రమున బండి నడువదని ఆ కుటుంబములలో రైల్వే కొలువు చేసిన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. నేటికిని క్రొత్తమార్గమును రైల్వే భద్రతా కమీషనరు పరీక్షించి అనుమతింపనిదే ప్రయాణికుల బండి దానిపై కదలరాదు. అట్టి పరీక్ష మరియొక విధమైన మార్గమునకు అవసరమగు కాలము రాయపూరునకు వచ్చినది.

2025 మే 3వ తేదీన నవ రాయపూరులో కృత్రిమ మేధకొరకు డేటా సెంటరు పార్కునకు ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి శంకుస్థాపన చేసిరి. ర్యాక్‌బ్యాంక్ అను సంస్థ 13.5 ఎకరములలో, సుమారు 1,000 కోట్ల రూపాయల వ్యయముతో దీనిని తలపెట్టినది. తొలిదశకు 5 మెగావాట్ల విద్యుత్తు అని ప్రకటించిరి. అదే సంవత్సరము అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించినది. పత్రికలు ఎకరములను, కోట్లను, మెగావాట్లను పెద్దయక్షరములతో అచ్చువేసినవి. ఇట్టి శాలలలో యంత్రమునకును యంత్రమునకును నడుమ సమాచారము సెకనుకు ఎంత పారవలెనో, అనగా బ్యాండ్‌విడ్త్ సంగతి, వ్రాసినవారు అరుదు. శాల విలువ తేలునది మాత్రము అచ్చటనే.

నేటి పెద్ద భాషానమూనాలకు శిక్షణ నిచ్చుట ఒక్క యంత్రమువలన కాదు. వందలు, వేలు జీపీయూలు పనిని పంచుకొనును. అడుగడుగునకు ప్రతి జీపీయూ తన ఫలితమును తక్కినవానితో కలిపి, మొత్తమును తిరిగి తీసికొనవలెను. దీనినే ఆల్-రెడ్యూస్ అందురు. ఆ కలయిక ముగియనిదే ఏ ఒక్కటియు తరువాతి అడుగు వేయజాలదు. పండ్రెండు శాఖల అభిప్రాయము పొందవలసిన దస్త్రమును పదునొకండు శాఖలు ఒక్కదినమున పంపివేసినను, పండ్రెండవ శాఖ బల్లపై అది నెలదినములు నిదురించినచో ఏమగునో ఈ సభలో వివరింపబూనుట సాహసమే.

లెక్క చూడుడు. 7,000 కోట్ల పరామితులు గల నమూనాకు, ఒక్కొక్కదానికి 2 బైట్ల చొప్పున, 140 గిగాబైట్ల సమాచారమగును. వలయముగా నిలిచి పంచుకొను పద్ధతిలో ప్రతి యంత్రమును దానికి దాదాపు రెండింతలు, అనగా 280 గిగాబైట్లు, పంపవలెను. 400 గిగాబిట్ల తీగ సెకనుకు 50 గిగాబైట్లు మోయును గనుక పని 5.6 సెకన్లలో ముగియును. అట్టి తీగ లోపల నాలుగు జాడలుండును. వానిలో మూడు మూగవోయి ఒక్కటే మిగిలినచో తీగ తెగినట్లు కనబడదు. దాని దీపము వెలుగుచునే యుండును. కాని 5.6 సెకన్ల పని 22.4 సెకన్లగును. నిజమైన శాలలలో ఒక్కొక్క సర్వరునకు ఎనిమిది తీగలుండుటయు, గణనమును రవాణాను కొంతవరకు కలిపి నడుపుటయు కలదు. అంకెలు మారును, మందకొడి తీగకొరకు అందరును వేచియుండుట మారదు.

వేచియుండు యంత్రము విద్యుత్తును త్రాగుట మానదు. అద్దెయు ఆగదు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము 10,371.92 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించిన పిదప, జీపీయూలను గంటల లెక్కన పొందు అవకాశము విద్యార్థులకును చిన్న సంస్థలకును కలిగినది. నవ రాయపూరు ట్రిపుల్ ఐటీలో చదువు ఒక తెలుగు విద్యార్థి అట్లు పది గంటలు అద్దెకు తీసికొనెననుకొనుడు. ఏడు గంటలు తీగకొరకు ఎదురుచూచుటలో గడిచినచో ఆ సంగతి అతని బిల్లుపై కనబడదు. తన నమూనాయే మందమని అతడు తన్ను తాను నిందించుకొనును.

కావున పరీక్ష. మొదటిది పలకరింపు. పింగ్ అను చిన్న ఉపకరణమును మైక్ మూస్ 1983 డిసెంబరులో వ్రాసెను. జలాంతర్గాముల జాడతీయు ధ్వనినిబట్టి ఆ పేరు పెట్టెను. అది చిన్న సందేశమును పంపి, ప్రత్యుత్తరము వచ్చెనా, ఎంత సేపటికి వచ్చెనా యని చూచును. దారి యున్నదని తెలియును గాని దాని వెడల్పు తెలియదు. కాలిబాటయు రాజమార్గమును పలకరింపునకు ఒక్కటే.

రెండవది జంటల పరీక్ష. ఐపెర్ఫ్ వంటి సాధారణ సాధనమున సమాచారము ప్రాసెసరు చేతిమీదుగా పోవును గనుక, తీగకంటె ముందు ప్రాసెసరే అలసిపోవచ్చును. అందుచేత ఒక సర్వరు స్మృతినుండి మరియొక సర్వరు స్మృతికి నేరుగ వ్రాయు ఆర్‌డీఎంఏ పద్ధతితో కొలుచుట మేలు. 400 అని చెప్పినచోట 400 పూర్తిగా రాదు. శీర్షికల భారము కొంత పోవును. కొద్దిపాటి తగ్గుదల సహజము, సగము తగ్గుట సహజము కాదు. 128 సర్వరులున్నచో 8,128 జంటలగును. ఇది కష్టమని తోచును గాని, చదరంగపు పోటీలో వలె ఒకేసారి 64 జంటలను కొలిచినచో 127 ఆవృత్తులలో ముగియును.

మూడవది సమష్టి పరీక్ష. ఎన్‌వీడియావారి ఎన్‌సీసీఎల్ గ్రంథాలయముతో పాటు వాడు పరీక్షలు రెండు సర్వరులతో మొదలిడి, నాలుగు, ఎనిమిది అని పెంచుచు, చిన్న సందేశములకు ఆలస్యమును, పెద్దవానికి వెడల్పును చూపును. సర్వరు లోపలి మార్గము మిగుల విశాలము. హెచ్100 జీపీయూలకు అది ఒక్కొక్క దిశకు సెకనుకు 450 గిగాబైట్లు, అనగా బయటి 400 గిగాబిట్ల తీగకు తొమ్మిదింతలు. కావున ఒక్క సర్వరులో వచ్చిన మంచి అంకెను చూచి మురియరాదు. జంటలన్నియు బాగుండి గుంపు చెడినచో, గుంపును రెండు సగములు చేసి వేరువేరుగ కొలుతురు. చెడిన సగమును మరల రెండు చేయుదురు. 128లో దోషి ఒక్కటే యైనచో ఏడు విభజనలలో దొరకును. రెండు సగములును బాగుండినచో దోషము వానిని కలుపు స్విచ్చుల యొద్ద వెదకవలెను.

ఇది వట్టి శంక కాదు. మెటా సంస్థ తన లామా 3 నమూనాకు 16,384 హెచ్100 జీపీయూలతో శిక్షణ నిచ్చినప్పుడు, 54 దినములలో తలవని ఆటంకములు 419 కలిగినవని 2024లో ప్రకటించినది. అందు 35 స్విచ్చులవలనను తీగలవలనను వచ్చినవి. ఇవి పని ఆగిన లెక్కలు. ఆగక మందగించుట కనుగొనుట ఇంతకంటె కష్టము.

రాయపూరున దీనికి తోడు ధూళి యున్నది. దూరమార్గములకు వాడు గాజుతీగ గర్భము వెడల్పు 9 మైక్రానులు మాత్రమే. తలవెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. కట్టడము ఇంకను సాగుచుండగనే తీగలు బిగించినచో, కంటికానని రేణువు కాంతికి అడ్డుపడును. బిగించుటకు ముందు ప్రతికొనను సూక్ష్మదర్శినితో చూచి తుడువవలెను. ఎండలు 44, 45 డిగ్రీలు చేరు మే నెల మధ్యాహ్నమున, శీతలయంత్రములు మిక్కిలి శ్రమపడు వేళ, పరీక్షను పది నిముషములు కాక గంటల తరబడి నడుపవలెను. కార్తికమాసపు రాత్రి తీసిన అంకెలు అందముగనే యుండును.

ఒప్పందపత్రమున యంత్రముల సంఖ్యతో పాటు ప్రతి జంటకు రాదగిన కనీసపు అంకెయు, దోషగణన యెంతవరకు సహింపబడునో కూడ వ్రాయవలెను. అది తీరనిదే తుదివాయిదా చెల్లింపరాదు. తొలినాటి కొలతల పట్టికను తేదీతోను, గది ఉష్ణోగ్రతతోను భద్రపరుపవలెను. ఏడాది గడిచిన పిదప ఎవరైన యంత్రములు మందగించెనని ఫిర్యాదు చేసినప్పుడు, ప్రక్కన పెట్టి చూచుటకు ఆ పట్టికయే యుండును.