మొరాయించే వేగపు కారును మార్చడమా, ఉంచుకోవడమా

2013లో మన దేశంలో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే సరి గేర్లకు ఒకటి, బేసి గేర్లకు ఒకటిగా రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే గేర్‌బాక్సు ఉండేది. ఆ క్లచ్‌లు నూనెలో మునగని పొడి రకం కావడంతో గాలికే చల్లారాలి. డీఎస్‌జీ ఫిర్యాదుల వల్లనే అదే ఏడు చైనాలో 3.8 లక్షలకు పైగా కార్లను ఆ సంస్థ వెనక్కి పిలిచింది. గద్వాల, వనపర్తి జిల్లాల మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై అటువంటి క్లచ్‌కు పెద్దగా శ్రమ ఉండదు గాని, నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఆనకట్ట నుంచి దోమలపెంట వైపు ఘాట్ రోడ్డులో బరువు లారీ వెనుక నిదానంగా ఎక్కేటప్పుడు అది సగం పట్టి, సగం జారుతూ వేడెక్కుతుంది, బండి కుదుపుతుంది.

పోటీ కారైన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు మారదలచినవారు దాని ఏడు గేర్ల ఆటోమేటిక్‌లోనూ ఉన్నవి పొడి జంట క్లచ్‌లేనని ముందుగా గమనించాలి. ఘాట్ ప్రయాణాలు ఎక్కువైతే చేత్తో గేర్లు మార్చే రకమే మేలు. అరిగింది క్లచ్చా, లేక గేర్లను నడిపే మెకాట్రానిక్ యూనిట్ చెడిందా అన్నది తేల్చుకోకుండా ఎక్స్ఛేంజ్ ధర మాట్లాడుకోవడం తొందరపాటే అవుతుంది. రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చినందున, పాత కారు తాళాలు అప్పగించిన రోజే యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 పూర్తిచేయించుకోవాలి.