రాయని నిమిషాలు

 నర్సింగ్ పట్టాలు అందుకున్న పిల్లలూ, ఒక మాట చెబుతాను. 

అమెరికాలో నేను పనిచేసింది ముసలివాళ్లు, వికలాంగులు ఏళ్ల తరబడి ఉండిపోయే నర్సింగ్ హోములో. అక్కడ డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకాయన ఉండేవాడు. యాభై దాటాయి. ఆ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు అల్జీమర్స్ తొందరగా వస్తుంది, ఆయనకూ మొదలైంది. తనే నడిచేవాడు, తనే తినేవాడు. కానీ పక్కన మనిషి లేకపోతే నమలకుండా మింగేసేవాడు, పొలమారేది. స్నానానికి లేపాలంటే బతిమాలాలి, ఆగాలి, మళ్లీ బతిమాలాలి.

ఇలా మేధోవైకల్యం ఉన్నవాళ్లను నర్సింగ్ హోములో చేర్చుకునే ముందు, ఈ చోటు నిజంగా అవసరమా, ప్రత్యేక సేవలేం కావాలి అని రాష్ట్రం చూడాలని అక్కడి 1987 నాటి చట్టం చెప్పింది. మంచి చట్టం. ఖర్చు లెక్క మాత్రం వేరే దారిన పోయింది. సిబ్బంది ఎవరి దగ్గర ఎన్ని నిమిషాలు గడిపారో కొలిచి, అక్కడ ఉండేవాళ్లను వర్గాలుగా విడదీశారు. ఆ పద్ధతిని ఆర్‌యూజీ అనేవాళ్లం. 1998 నుంచి మెడికేర్, అంటే అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా, దీన్నిబట్టే డబ్బిచ్చింది. చాలా రాష్ట్రాల్లో పేదల బీమా మెడికెయిడ్ కూడా. మంచం మీద కదలడం, లేచి కుర్చీలోకి మారడం, మరుగుదొడ్డి, భోజనం: ఈ నాలుగింటికీ కలిపి మొదట్లో 4 నుంచి 18 వరకు మార్కులు. ఎత్తి దించాల్సిన మనిషికి ఎక్కువ. ఎవరి సాయమూ అక్కర్లేనివాడికి ఒక్కో పనికి 1. పక్కనే నిలబడి కనిపెట్టుకోవాల్సినవాడికీ అదే 1! కూలికి వచ్చినవాడికి మోసిన బస్తాలు లెక్కకట్టి ఇచ్చి, రాత్రంతా చేనుకు కాపలా కాసినవాడికి ఏమీ ఇవ్వకపోవడం ఇది. 2019 అక్టోబరులో మెడికేర్ ఆ పద్ధతిని వదిలేసింది. నా దిగులు నన్ను వదల్లేదు. ఎంత మంచి కొలత తెచ్చినా, చార్టులో లేని నిమిషం దానికి అందదు.

ఆ చివర ఫోన్లు చూస్తున్నవాళ్లు, కాస్త పక్కన పెట్టండమ్మా. ఇది మీకోసమే. డ్యూటీ దిగే తొందరలో ‘భోజనం చేశాడు’ అని రాసేసి వెళ్లిపోవడం మీకూ అలవాటవుతుంది. కానివ్వకండి. పక్కన ఎవరు కూర్చున్నారు, ఎంతసేపు, ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, అన్నీ రాయండి. చేతులు నొప్పి పుట్టినా రాయండి.

మీలో విదేశాలకు వెళ్లేవాళ్లున్నారు. ఇక్కడే, మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్లకోసం నడిచే నేషనల్ ట్రస్ట్ ఘరౌందా గృహాల్లాంటి చోట్ల చేరేవాళ్లూ ఉండాలని నా ఆశ. ఎక్కడైనా సరే, ఖర్చులు తేల్చే సమావేశానికి నర్సును పిలవకపోతే మీరే వెళ్లి కూర్చోండి. చార్టులు వెంట తీసుకెళ్లండి.