ఓడల చట్టము – మన పడవలు

(గంగపుత్ర కులబాంధవుల వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



ఓడల చట్టమునుగూర్చి నాలుగు మాటలు చెప్పబూనిన మమ్ము జూచి, “సముద్ర మెక్కడ, మన మెక్కడ?” అని కొందరు శంకింపవచ్చును. మన జిల్లాకు సముద్రము లేదు, నిజమే. కాని మంజీర యున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరమున్నది. ఎల్లారెడ్డికి చేరువనే పోచారము జలాశయమున్నది. గంగను నమ్ముకొని బ్రతుకువారికి ఉప్పునీరైన నేమి, మంచినీరైన నేమి? నీటిపై నడచు ప్రతి వాహనమునకును ధర్మ మొక్కటియే: ఎక్కినవాడు క్షేమముగా దిగవలెను. ఈ ధర్మమును శాసనముగా మార్చుటకు లోకమున నెంత పెనుగులాట జరిగినదో, తప్పినవానికి శిక్ష యెట్లుండవలెనో విచారించుటయే మా యుద్దేశము.

ఆంగ్లదేశమున గడచిన పందొమ్మిదవ శతాబ్దమున ధనాశాపరులగు కొందరు యజమానులు శిథిలమైన ఓడలకు మితిమీరిన సరకెక్కించి, భారీగా భీమా చేయించి, సముద్రముపైకి పంపుచుండిరి. ఓడ చేరిన లాభము. మునిగిన భీమా సొమ్ము. నష్టపోవువారు నావికులును వారి భార్యాబిడ్డలును మాత్రమే. ఒప్పందము చేసికొనిన పిమ్మట, ఇది పుచ్చిన ఓడ, ఎక్కనని మొరాయించిన నావికుని చెరసాలకు బంపుచుండిరి. పంపినవానికి శిక్ష లేదు. చావనొల్లనివానికి శిక్ష కలదు!

ఈ యన్యాయమును శామ్యూలు ప్లిమ్సాలను పార్లమెంటు సభ్యుడు తలకెత్తుకొనెను. 1873లో గ్రంథము వ్రాసి ప్రజలను మేల్కొల్పెను. 1875 జూలై 22న ప్రధాని డిజ్రేలీ ఓడల బిల్లును ఆ యేటికి విరమించుచున్నామని ప్రకటింపగా, ప్లిమ్సాలు సభామధ్యమున కోపోద్రిక్తుడై, నావికులను మృత్యుముఖమునకు బంపువారిని దుర్మార్గులని నిందించెను. సభామర్యాద తప్పినందుకు వారము దినములకు క్షమాపణ చెప్పుకొనెను గాని, అప్పటికే దేశమంతయు నాతని పక్షమున నిలిచినది. ప్రభుత్వము దిగివచ్చి ఆ యేడే తాత్కాలిక శాసనమును, 1876లో పూర్తి శాసనమును చేసెను. బరువు మితిని దెలుపు గీత ప్రతి ఓడ ప్రక్కను ఉండితీరవలెనని విధించెను.

ఇచ్చట నొక చమత్కారమును గమనింపుడు. గీత యుండవలెనని శాసించిరే కాని, ఎచ్చట గీయవలెనో నిర్ణయించు అధికారమును యజమానికే విడిచిరి. 1890లో గాని ఆ లోపము తీరలేదు. దొంగచేతికి తాళముచెవి యిచ్చినట్టి చట్టము చట్టమగునా?

మరియొక యుదాహరణము. 1912 ఏప్రిల్‌లో మునిగిన టైటానిక్ ఓడలో సుమారు రెండువేల రెండువందల మంది యుండగా, ప్రాణరక్షక పడవలలో పట్టుచోటు 1,178 మందికే. అయినను ఆ ఓడ నాటి నిబంధన నుల్లంఘింపలేదు. అది కోరినదానికంటె ఎక్కువ పడవలనే మోసినది. ఓడలు పెరిగినవి, నిబంధన పెరుగలేదు. పదునైదు వందల మంది ప్రాణములు పోయిన తరువాత, 1914లో పలుదేశములవారు కూడి సముద్రముపై ప్రాణరక్షణకై ఒడంబడిక వ్రాసికొనిరి.

ఇక మన దేశమునకు వత్తము. 1923 నాటి చట్టమునకు బదులు 1958లో స్వతంత్ర భారతపార్లమెంటు వాణిజ్యనౌకల చట్టమును చేసెను. అందలి పెక్కు నేరములకు జరిమానాలు వందల రూపాయలలోనే యుండెను. కోట్ల విలువగల ఓడ నడుపువానికి అది తాంబూలపు ఖర్చు! ఆ చట్టమును తొలగించి క్రొత్తదానిని తెచ్చు బిల్లును 2025 ఆగస్టు 6న లోకసభయు, 11న రాజ్యసభయు ఆమోదించినవి. లోకసభలో అది ప్రతిపక్షముల నిరసనధ్వనుల నడుమ మూజువాణి ఓటుతో నెగ్గినది. తప్పు ఏ పక్షమువారిదని మేము తీర్పు చెప్పము. కాని వేలాది నావికుల ప్రాణములతో ముడివడిన శాసనముపై సావధానమైన చర్చ వినుభాగ్యము ప్రజలకు లభింపలేదని మాత్రము చింతించుచున్నాము.

జరిమానా పెంచిన చాలునా? 2025 మే 25న కేరళతీరమున ఎం.ఎస్.సి. ఎల్సా-3 అను ఓడ ఆరువందల నలుబది పెట్టెల సరకుతో మునిగెను. ఇరువదినలుగురు సిబ్బందియు బ్రతికిరి. కాని నూనెయు, ప్లాస్టిక్ గుళికలును వ్యాపించి జాలరుల బ్రతుకుతెరువు దెబ్బతినెను. కేరళప్రభుత్వము 9,531 కోట్ల రూపాయలు పరిహారము కోరుచు హైకోర్టు కెక్కగా, ఆ వర్తక సముదాయమునకే చెందిన మరియొక ఓడను విళింజము రేవున కదలనీయవలదని కోర్టు ఆజ్ఞాపించెను. కావున నేరము చేసినవానికి నొప్పి కలుగునది కాగితముపై అంకెవలన గాదు, ఓడ నిలిచిపోవుటవలన.

మన తెలుగునేలపైనే 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద విహారపడవ మునిగి యాభైమంది వరకు మరణించిరి. వారిలో మన తెలంగాణమువారు పెక్కురు. అగాధమునుండి ఆ పడవను అక్టోబరు 22న వెలికిదీసినవారు కాకినాడ ధర్మాడి సత్యము బృందమువారు. తాళ్లు, లంగర్లు, నీటిలో దిగు నేర్పు వారి సాధనములు. జలవృత్తివారి విద్య యెంత విలువగలదో ఆనాడు లోకము చూచినది. కాని మునిగిన పడవను తీయుటకంటె మునుగకుండ జూచుట మేలుగదా! 1917 నాటి చట్టమును త్రోసివేసి 2021లో వచ్చిన లోతట్టు జలవాహనముల చట్టము యంత్రపడవలకు పరీక్షను, భీమాను, ప్రాణరక్షణ సామగ్రిని విధించినది. యంత్రము లేని పడవలను సయితము గ్రామపంచాయతీస్థాయిలో నమోదు చేయించుటకు దారి చూపినది. ఇది నేరుగా మన తెప్పలకు, పుట్టులకు తగులు విషయము.

కావున సభవారికి మా మనవి యిది. మన పడవలను పంచాయతీలలో వ్రాయించుకొందము. ప్రతి పడవ ప్రక్కను బరువుగీతను మనమే గీసికొని, జాతరనాడైనను, పెండ్లివారైనను దానిని దాటనీయకుందము. లైఫు జాకెట్టు తొడుగనివానిని ఎక్కించుకొనకుందము. మన బిడ్డలు ఓడలలో కొలువునకు పోగోరినచో, పంపువానికి నౌకాయాన డైరెక్టరు జనరలువారి అనుమతిపత్రము కలదో లేదో మొదట చూతము. కొలువు కుదిర్చినందుకు నావికునియొద్ద సొమ్ము పుచ్చుకొనరాదని నిబంధన యున్నది. అప్పుచేసి అట్టివాని చేతిలో పోయవలదు.

ప్రభుత్వమువారిని కోరదగిన దొక్కటి కలదు. పడవ మునిగినప్పుడు తెడ్డు పట్టిన సరంగును మాత్రమే బోనులో నిలుపుట పాతవాడుక. వాడు కూలివాడు. మితిమీరి ఎక్కించుమన్న యజమానియు, చూచియు చూడనట్లూరకున్న అధికారియు వానిప్రక్కనే నిలువవలెను. శిక్ష ఆజ్ఞ యెచ్చట పుట్టెనో అచ్చటికి పోవలెను. ప్లిమ్సాలు నాడు సభలో అడిగినదియు ఇంతియే.

ఈ మాటలను తీర్మానముగా స్వీకరింప ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.